పక్క మడిలో మంత్రగత్తె

మా ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చే తోటముక్కల్లో నాది పదిహేడో మడి. పద్దెనిమిదోది ఒక మంత్రగత్తెది. ఆ మాట నేనన్నది కాదు. నేను చల్లిన గోంగూర బెత్తెడు లేచి చచ్చిపోయింది. ఆ మొక్కల ముందు దిగాలుగా కూర్చున్న రోజున కంచె అవతల నుంచి ఒక పెద్దావిడ ఫ్లాస్కులో టీ పోసి అందించింది. పేరూ ఊరూ అడగడం అయ్యాక, "నేను విచ్‌ని, లవ్, నీకేం అభ్యంతరం లేదు కదా" అంది. మా ఆయన ప్లంబరు అని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నాకు అభ్యంతరం ఉందో లేదో నాకే తెలియలేదు. నవ్వేసి టీ తాగాను.

మేముండేది ఇంగ్లండ్‌లో, లాంకషైర్ తూర్పు కొసన, బర్న్‌లీకి దగ్గర్లో. తోటలో నిలబడితే ఎదురుగా పెండిల్ కొండ. కొండ కనిపిస్తే వాన రాబోతోందని, కనిపించకపోతే పడుతోందని ఇక్కడివాళ్ళంటారు. ఈ చుట్టుపక్కల విచ్ అన్న మాట ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. మాంచెస్టర్ నుంచి వచ్చే ఎక్స్43 బస్సు పేరు విచ్ వే. బీరు సీసా మీద చీపురెక్కిన ముసలమ్మ బొమ్మ, కేకు డబ్బా మీద ఇంకో బొమ్మ. అవన్నీ చూసీచూసీ అలవాటైపోయాయి. కానీ ఒక మనిషి ఎదురుగా నిలబడి "అది నేనే" అనడం వేరు.

మాది తుని, నర్సీపట్నం మధ్య పల్లె. అందరూ చేతబడి అనేదాన్ని, తెలంగాణలో బాణామతి అనేదాన్ని మావైపు చిల్లంగి అంటారు. మా ఇంట్లో ఆ మాట గట్టిగా అనేవాళ్ళు కాదు, మా అమ్మమ్మ చెల్లెలి మీద ఆ నింద పడింది కాబట్టి. చిన్నమ్మమ్మ మంత్రసాని. ఊళ్ళో సగం మందిని భూమ్మీదకి తెచ్చిన చెయ్యి ఆవిడది. ఒక ఏడు వరసగా రెండు కాన్పులు పోయాయి, మూడోది తల్లితో సహా పోయింది. మంత్రసాని అన్న మాట మంత్రగత్తెగా మారడానికి ఆ మూడూ చాలాయి. చిల్లంగి పెట్టిందన్నారు. మంత్రం నోటితో చదవాలి కదా, పళ్ళు రాలగొడితే అక్షరం పలకదని మావైపు నమ్మకం. రేపు పొద్దున్న ఇంటి మీదికి వస్తారనగా ఆ రాత్రికి రాత్రే చిన్నమ్మమ్మ ఊరొదిలి తుని వెళ్ళిపోయిందని మా అమ్మ చెప్పేది. "తెలివైంది, ముందే పసిగట్టింది" అని ఒక ముక్క చేర్చేది. అక్కడ రైలు గేటు దగ్గర ఇడ్లీలు పోసుకుని బతికింది. నాకు గుర్తున్నది ఆ ఇడ్లీ పొగలో బోసినవ్వు నవ్వే ముసలావిడ. ఆరేడేళ్ళ పిల్లనప్పుడు చూశాను.

ఇదంతా మనసులో పెట్టుకునే పద్దెనిమిదో మడి ఆవిడతో ఏడాది గడిపాను. నేను చెప్పబోయేది ఆ ఏడాది సంగతి. మా అమ్మాయి ఆవిడని మామ్మ అనేది, నాకూ అదే అలవాటైంది.

మామ్మది మనం సినిమాల్లో చూసే నల్లగౌను వ్యవహారం కాదు. విక్కా అనే మతం ఉంది, 1954లో జెరల్డ్ గార్డ్‌నర్ అనే రిటైరైన కస్టమ్స్ ఉద్యోగి రాసిన పుస్తకంతో లోకానికి తెలిసింది. అంతకు మూడేళ్ళ ముందు, 1951లో, పాత విచ్‌క్రాఫ్ట్ చట్టం రద్దయింది కాబట్టి ఆయన ధైర్యంగా రాయగలిగాడు. విక్కావాళ్ళకి గురువుల వరస, దీక్ష, మెట్లు ఉంటాయి. మామ్మ అలాంటివాటికి మూతి ముడుస్తుంది. తనది ట్రెడిషనల్ అంటుంది. అంటే దేవుడూ దేవతా జంట, పద్ధతి ప్రకారం పూజ కన్నా, ఆ నేలా, ఆ చెట్టూ, ఆ ఊరి చచ్చిపోయినవాళ్ళూ ముఖ్యం. ఈ దారిలో వాళ్ళకి పూజాపీఠం లాంటిది స్టాంగ్ అని ఒక పంగల కర్ర. మామ్మ దానికి బదులు బంగాళాదుంపలు తవ్వే ఇనప ఫోర్కునే నేలలో గుచ్చి, పళ్ళ మధ్య కొవ్వొత్తి నిలబెడుతుంది. పని అయ్యాక అదే ఫోర్కుతో పెంట తిరగేస్తుంది.

ఆవిడ దగ్గర నాకు నచ్చిన మొదటి సంగతి, ఏదీ పాతకాలంనాటిదని బుకాయించకపోవడం. ఏడాదికి ఎనిమిది పండగలు చక్రంలా తిరుగుతాయని ఇక్కడి పేగన్లు, అంటే ప్రకృతినీ పాత దేవుళ్ళనీ కొలిచేవాళ్ళు, చెప్తారు. నాలుగు సూర్యుడి మలుపులు, వాటి మధ్య నాలుగు ఋతువుల మొదళ్ళు. ఆ ఎనిమిదీ విడివిడిగా అక్కడక్కడా పాతవే. కానీ ఒక్కచోట చేర్చి చక్రం కట్టింది 1950లలో, గార్డ్‌నర్, రాస్ నికల్స్ అనే ఆయనా కలిసి. సెప్టెంబర్ పండగకి మేబన్ అన్న పేరైతే 1970లలో అమెరికాలో పెట్టారు. "మా అమ్మమ్మ మేబన్ అంటే ఏదో మందు పేరనుకునేది" అని నవ్వింది మామ్మ. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. తన చిన్నప్పుడు ఎవరూ ఎరగని అక్షయ తృతీయ బంగారం ఇప్పుడు అనాదిగా వస్తున్న ఆచారమైపోయిందని ఏటా విసుక్కుంటుంది, ఏటా అరగ్రాము కొంటుంది.

అక్టోబర్ చివర్లో మామ్మ భోజనానికి పిలిచింది. అక్టోబర్ 31 రాత్రి వాళ్ళకి సావిన్. స్పెల్లింగు చూసి సంహైన్ అని చదివి నవ్వులపాలయ్యాను. పిలుపుతో పాటు ఒక కాగితం ఇచ్చింది, అందులో నాలుగు మాటలు. గుమ్మం దాటాక మాట్లాడకూడదు. ఫోన్లు కారులోనే. మీవాళ్ళలో పోయినవాళ్ళకి ఇష్టమైన వంట ఒకటి తేవాలి. కొవ్వొత్తి ఆరేదాకా బల్ల దగ్గరనుంచి లేవకూడదు. దీన్ని డమ్ సప్పర్ అంటారు, మూగ భోజనం. వెనకటికి పెళ్ళికాని అమ్మాయిలు కాబోయే మొగుడి రూపం కనిపిస్తుందని చేసేవాళ్ళట, అన్నీ తలకిందులుగా, వెనక్కి నడుస్తూ. ఇప్పుడు పోయినవాళ్ళ కోసం చేస్తున్నారు.

ఆ కాగితం చదివి మా ఆయన, "దెయ్యాలకి భోజనం పెట్టే ఇంటికి పిల్లని తీసుకెళ్తావా" అన్నాడు. సంక్రాంతినాడు మీ అమ్మగారు పెద్దలకి కొత్తబట్టలు పెట్టి, విస్తరేసి, తలుపు దగ్గరికి వేసి కాసేపు బయట కూర్చోబెట్టేది ఎవరి కోసమండీ అన్నాను. ఆయన టీవీ రిమోట్ తీసుకున్నాడు.

ఎనిమిది మందిమి. బల్ల కొసన ఒక ఖాళీ కుర్చీ, దాని ముందు పళ్ళెం. నేను నాన్న కోసం పులిహోర చేసుకెళ్ళాను. ముందు స్వీటు, తర్వాత కూర, ఆఖర్న సూప్, అంతా వెనకనుంచి ముందుకి. మాట లేకుండా నలభై నిమిషాలు తినడం ఎంత కష్టమో తెలియాలంటే చేసి చూడాలి. మొదటి పది నిమిషాలూ నవ్వు ఆపుకోవడంతోనే సరి. తర్వాత చెంచాల చప్పుడు, గోడ గడియారం, ఎవరిదో గుటక. నా ఎదురుగా ఉన్నాయన కళ్ళు తుడుచుకోకుండా తింటూనే ఉన్నాడు. ఆవపెట్టిన పులిహోర ఆ ఖాళీ కుర్చీ ముందు పెట్టినప్పుడు నాన్న విస్తట్లో ముందు చింతపండు మిరపకాయ వెతుక్కునే తీరు గుర్తొచ్చింది. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఏటా తద్దినం పెట్టేది తమ్ముడు, నేను వీడియోలో చూస్తాను. ఆయనకి నా చేత్తో వడ్డించడం ఇదే మొదలు.

అక్కడితో ఇంటికొచ్చేస్తే బాగుండేది. కొవ్వొత్తి ఆర్పాక అందరికీ మాటలొచ్చాయి. ఎవరెవరిని తలుచుకున్నారో చెప్పుకుంటున్నారు. ఏ వేళన నోరు జారానో, చిన్నమ్మమ్మ సంగతి చెప్పాను. ఒక పాతికేళ్ళ అమ్మాయి, మెడ మీద చంద్రవంక పచ్చబొట్టు, కుర్చీ ముందుకి లాక్కుని, "అయితే నీది విచ్‌ల వంశం! ఎంత అదృష్టం! నీ రక్తంలోనే ఉంది" అంది. చెయ్యి కూడా పట్టుకుంది.

చెడ్డ పిల్ల కాదు, మెచ్చుకుందామనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆవిడ మంత్రసాని, మంత్రగత్తె కాదు అన్నాను. రెండూ ఒకటే కదా అంది. ఈ రెండూ ఒకటే అన్నందుకే ఆవిడ కొంప కూలింది తల్లీ అని తెలుగులో అనుకుని, ఇంగ్లీషులో గుడ్‌నైట్ చెప్పి వచ్చేశాను. కారులో మా అమ్మాయి, "చిల్లంగి అంటే ఏంటమ్మా" అంది. ట్రాఫిక్ ఉంది, తర్వాత చెప్తానన్నాను. రాత్రి పదకొండింటికి ఆ రోడ్డు మీద ఒక్క బండి లేదు.

తర్వాతి శనివారం మామ్మ వాన్ వేసుకుని మా గుమ్మంలో ఆగింది. ఎక్కమంది. ముందు పెండిల్ కింద రఫ్లీ అనే ఊళ్ళో రోడ్డు పక్కనే ఉన్న ఇనప బొమ్మ దగ్గర ఆపింది. మనిషెత్తు ఆడమనిషి, గొలుసులతో నడుస్తున్నట్టుంటుంది. ఆలిస్ నట్టర్. మంత్రగత్తె అని 1612లో ఉరితీశారు, 2012లో, నాలుగు వందల ఏళ్ళు నిండినప్పుడు, బొమ్మ పెట్టారు. వర్షం ఆ ఇనుము మీదనుంచి తుప్పు రంగులో కారుతోంది. మామ్మ వాన్‌లోనే కూర్చుని కథ చెప్పింది.

1612 మార్చిలో కోల్న్ దగ్గర దారిలో అలిజన్ డివైస్ అనే బీదపిల్ల ఒక తిరుగుడు వర్తకుణ్ణి గుండుసూదులు అడిగింది. ఇవ్వనన్నాడు. తిట్టుకుంది. అతను నాలుగడుగులు వేసి పడిపోయాడు, నోరూ కాలూ పడిపోయాయి. ఇప్పుడైతే పక్షవాతం అంటాం. ఆ పిల్లని అతని ముందుకి తీసుకొస్తే మోకాళ్ళ మీద పడి క్షమించమని ఏడ్చింది. తన తిట్టువల్లే అయిందని తనూ నమ్మింది. అక్కడినుంచి ఊరు ఊరే కదిలింది. వాళ్ళ అమ్మమ్మ డెమ్‌డైక్, ఎనభై ఏళ్ళ గుడ్డి ముసలిది, పశువులకీ మనుషులకీ మంత్రం వేసి నాలుగు గింజలు తెచ్చుకునేది. విచారణ దాకా కూడా బతకలేదు, లాంకాస్టర్ కోట జైల్లోనే పోయింది. ఆగస్టులో విచారణ. అలిజన్ తల్లి మీద సాక్ష్యం చెప్పింది ఆవిడ తొమ్మిదేళ్ళ కూతురు జెన్నెట్. పిల్ల అందరికీ కనిపించాలని బల్లమీద నిలబెట్టారు. తల్లి అరుస్తుంటే తల్లిని బయటికి ఈడ్చేశారు. ఆ ఏడాది ఉరికెక్కినవాళ్ళు పదిమంది.

"వాళ్ళలో ఒక్కరూ విచ్ కాదు," అంది మామ్మ. "నేను విచ్‌ని. వాళ్ళు కాదు. ఆ పచ్చబొట్టు పిల్లకి ఆ తేడా నేనే నేర్పాల్సింది."

క్షమాపణ అని ఆవిడ అనలేదు గానీ అదే. నేను అడగాల్సింది అడిగాను: మరి ఇంత తెలిసీ ఆ పేరు ఎందుకు పెట్టుకున్నావు? కాసేపు వైపర్లు తిరిగాయి. "ఎవరూ నన్ను చంపరు కాబట్టి పెట్టుకోగలుగుతున్నా" అంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది, ఆ మాట నచ్చలేదు. ఇప్పటికీ రెండూ అలాగే ఉన్నాయి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి 74,000 మంది పేగన్ అనీ, ఇంకో 13,000 మంది విక్కా అనీ ధీమాగా రాసుకున్నారు. మన మన్యంలో చిల్లంగి నెపంతో మనిషిని కొట్టి చంపారన్న వార్త ఇప్పటికీ పేపర్లో జిల్లా పేజీలో ఒక కాలమ్‌లో వస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు న్యూచర్చ్ అనే పల్లెలో ఆపింది. అక్కడ సెయింట్ మేరీస్ చర్చి గోపురం మీద రాతిలో ఒక కన్ను ఉంటుంది, దేవుడి కన్ను అంటారు, చెడు దగ్గరికి రాకుండా. మా అమ్మాయి తలెత్తి చూసి, "దిష్టిబొమ్మ!" అంది. మామ్మ ఆ మాట మూడుసార్లు అనిపించుకుని నేర్చుకుంది. ఇప్పటికీ డిస్టీ అంటుంది.

ఆ చలికాలం దిష్టి సంగతులతోనే గడిచింది. చెప్పుకుంటే ఒకటే సరుకు రెండు దుకాణాల్లో. సముద్రపు ఒడ్డున సహజంగా చిల్లు పడ్డ రాయి దొరికితే ఎర్రదారంతో తలుపుకి కడతారు, హ్యాగ్‌స్టోన్. రాత్రిపూట మంత్రగత్తెలు గుర్రాలెక్కి తిప్పి అలసగొడతారని వెనకటికి గుర్రపుశాలల్లో కట్టేవాళ్ళు. అంటే మంత్రగత్తె రాకుండా కట్టిన రాయి. అది మంత్రగత్తె షెడ్డు తలుపుకి వేలాడుతోంది. మామ్మని అడిగితే, "నేను లోపల ఉన్నాను కదా, ఇంకొకతె రాకుండా" అంది. పాత ఇళ్ళ దూలాల మీద, గుమ్మాల మీద వృత్తలేఖినితో గీసిన ఆరు రేకల పువ్వు ఉంటుంది. ఒక పాత కొట్టంలో దూలం మీద చూపించింది, అరచేయంత. గీత ఎక్కడా తెగకుండా తిరుగుతూ ఉంటుంది, చెడు అందులో చిక్కుకుని తిరుగుతుందని. హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ 2016లో ఇలాంటి గుర్తులు ఎక్కడ కనబడినా పంపమని జనాన్ని అడిగిందట. నేను మాట్లాడకుండా ఫోను తీసి, ధనుర్మాసంలో మా అమ్మ వాకిట్లో వేసిన ముగ్గు చూపించాను. ఇద్దరం ఆ ఫోటోనీ ఆ దూలాన్నీ మార్చి మార్చి చూశాం. ఒకటి చెక్కలో నాలుగొందల ఏళ్ళు ఉండేది, ఒకటి మధ్యాహ్నానికి సైకిల్ చక్రాల కింద పోయేది.

ఒక్కదానికి మాత్రం నేను వెనక్కి తగ్గాను. విచ్ బాటిల్. సీసాలో తుప్పు మేకులు, గుండుసూదులు, వెంట్రుకలు, గోళ్ళు వేసి, ఎవరికి హాని జరిగిందో వాళ్ళ మూత్రంతోనే నింపి, బిరడా బిగించి పొయ్యి కింద పాతేవాళ్ళు. చెడు చేసినదానికీ చెడు తగిలిన ఒంటికీ మధ్య ఒక తాడు ఉందని నమ్మకం. ఆ తాడు ఈ చివర పట్టుకుని గుంజితే ఆ చివర మంత్రగత్తెకి మూత్రం బంధించి గిలగిలలాడుతుంది. గ్రీనిచ్‌లో 2004లో బిరడా ఊడకుండా దొరికిన సీసాలో ఇవన్నీ ఉన్నాయి, పైగా గుండె ఆకారంలో కత్తిరించిన తోలుముక్క. తోటలో దొంగలు పడి షెడ్లు పగలగొట్టినప్పుడు మామ్మ అందరికీ తలా ఒకటి చేయిస్తానంది. మేకుల వరకూ సరే, ఆ రెండోది నావల్ల కాదన్నాను. వెనిగర్‌తో సర్దుకుంది. ఆ తర్వాత నా షెడ్డులో మళ్ళీ దొంగ పడ్డాడు. ఆవిడ షెడ్డులో పడలేదు. ఇంక ఆవిడ ముఖం చూడాలి.

జనవరి 17 రాత్రి వసేలింగ్, బాగా కాయమని ఆపిల్ చెట్లని వేడుకునే పండగ. ఇది లాంకషైర్ ఆచారం కాదు, ఆపిల్ తోటల సోమర్సెట్‌ది. మామ్మ పుట్టిల్లు అక్కడే. పాత కేలండర్ ప్రకారం అది క్రిస్మస్ తర్వాతి పన్నెండో రాత్రి. 1752లో బ్రిటన్ కేలండర్ మార్చినప్పుడు సెప్టెంబర్ 2 తర్వాత 14 వచ్చింది, పదకొండు రోజులు ఎగిరిపోయాయి. ఆపిల్ చెట్లకి పార్లమెంటు చట్టాలు తెలియవు కదా అని రైతులు పాత తేదీనే పట్టుకున్నారు. మా సంక్రాంతి తేదీ కూడా ముందుకి జరుగుతూనే ఉందన్నాను. ఒకప్పుడు ఉత్తరాయణం మొదలయ్యే డిసెంబర్ రోజునే వచ్చేది, భూమి అక్షం మెల్లగా తిరగడంవల్ల సుమారు 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున జనవరిలోకి వచ్చి పడింది. "అయితే మీదీ జారిందే!" అని మామ్మ ఎంత సంబరపడిందో.

మా తోటలో నాలుగే ఆపిల్ చెట్లు. పెద్దదాని చుట్టూ పదిహేను మందిమి చేరాం. రొట్టె కాల్చి సైడర్‌లో, అంటే ఆపిల్ కల్లులో, నానబెట్టి కొమ్మలకి గుచ్చాలి, రాబిన్ పిట్టల కోసం. ఆ పిట్ట చెట్టు మంచి కోరే ఆత్మ. మిగిలిన సైడర్ వేళ్ళలో పొయ్యాలి. పాట పాడాలి, టోపీలు నిండా గోనెలు నిండా కాయమని చెట్టుని అడిగే పాట. ఆఖర్న చెడుని తరమడానికి కొమ్మల్లోంచి పైకి తుపాకీ పేల్చాలి. మాకు తుపాకీ ఎక్కడిది, గిన్నెలు మోగించాం. మా అమ్మాయి చేతికి ఇంట్లోంచి తెచ్చిన స్టీలు పళ్ళెం, గరిటె. పదిహేనుమందిలో దాని మోతే ఎక్కువ. చీకట్లో నా రొట్టెముక్క పక్కనున్న బేరి చెట్టుకి గుచ్చేశానని పొద్దున్నగానీ తెలియలేదు. ఆ ఏడు బేరికాయలు విరగకాశాయి, ఆపిల్ అంతంతమాత్రం. మామ్మ నన్ను ఇంకా క్షమించలేదు.

ఆ రాత్రే మరో పని చేశాను. భోగి మూడు రోజుల ముందే వెళ్ళిపోయింది, పనిదినం, పిల్లకి భోగిపళ్ళు పొయ్యలేకపోయాను. రేగుపళ్ళు దొరకవు, ఎండు క్రాన్‌బెర్రీలు, బంతిపూల రేకలు, పెన్నీ నాణేలు కలిపి డబ్బాలో పెట్టుకెళ్ళాను. చెట్టు కిందే దాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి మూడుసార్లు తిప్పి తలమీద పోశాను. వాళ్ళంతా ఎందుకని అడగలేదు. వరసలో నిలబడి ఒక్కొక్కరూ గుప్పెడు పోశారు. చంద్రవంక పచ్చబొట్టు అమ్మాయి కూడా. పోసి, వంగి, నా చెవిలో సారీ అంది. మా అమ్మాయి జుట్టులో క్రాన్‌బెర్రీలు మర్నాడు స్కూల్లో రాలాయి.

వేసవి పండగల గురించి చెప్పేది తక్కువ. మే ఒకటిన మంట వేస్తారు, దాటుతారు. నేను చీర కట్టుకున్నాను కాబట్టి దాటలేదు. హాథార్న్ అనే ముళ్ళచెట్టు పూలు అందంగా ఉన్నాయని కొమ్మ విరిచి ఇంటికి తెస్తుంటే మామ్మ గేటు దగ్గరే లాగేసుకుంది. ఇంట్లోకి తెస్తే చావు వస్తుందంటారు. ఆ పూలలో ఉండే ఒక వాసనే కుళ్ళుతున్న మాంసంలోనూ ఉంటుందని చెప్పాక నిజంగానే ముక్కుకి తగిలింది. జూన్ 21న సూర్యోదయం చూడ్డానికి తెల్లవారుజామున మూడున్నరకి లేవాలి. లేవలేదు, అంతే. ఆగస్టు ఒకటిన లామస్, కొత్త గోధుమలతో తొలి రొట్టె. మన ఏజెన్సీలో కొత్త పండగ జరిగేదాకా కొత్త పంట నోట పెట్టనివాళ్ళ గురించి చెప్పాను. మామ్మ రొట్టెలో సగం విరిచి మట్టిలో పాతింది.

మళ్ళీ అక్టోబర్ వచ్చింది. ఈసారి మామ్మ, "ఖాళీ కుర్చీకి నువ్వు వడ్డించు" అంది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. సరేనన్నాను.

ముందురోజు రాత్రి అన్నం వండి నీళ్ళు పోసి ఉంచాను. పొద్దున్నకి అంత పులవలేదు, ఇక్కడి చలికి, బాయిలర్ పక్కన పెట్టాల్సి వచ్చింది. మట్టి మూకుడు ఒకటి ఉంది, అందులో చద్దన్నం, నలగ్గొట్టిన ఉల్లిపాయ, అమ్మ పంపిన ఆవకాయలోంచి మంచి టెంకముక్క ఏరి వేశాను. చిన్నమ్మమ్మ పేరు లోపలే అనుకున్నాను. నా ఎదురుగా కూర్చున్నవాళ్ళకి అదేమిటో తెలియదు, ఆ రాత్రి ఎవరూ ఏమీ అడగకూడదు కూడా. ఆవకాయ వాసన బల్లంతా పరుచుకుంది. భోజనం అయ్యాక ఆ మూకుడు తీసుకెళ్ళి తోటలో కంచె కింద పెట్టాలి. వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. చూడలేదు.

తెల్లారి వెళ్ళేసరికి మూకుడు బోర్లాపడి ఉంది. అన్నం మెతుకు లేదు, ఉల్లిపాయ లేదు. తడిమట్టిలో నక్క అడుగులు. ఆవకాయ ముక్క ఒక్కటే గడ్డిలో ఎర్రగా పడి ఉంది, కొరికిన గుర్తు కూడా లేకుండా.

అమ్మకి ఫోన్ చేశాను. ఏడాదంతా దాచిన సంగతి అప్పుడే చెప్పాను, మామ్మ గురించి, భోజనం గురించి. తిడుతుందనుకున్నాను.

"కాకి ముట్టిందా?" అంది.

"కాకి కాదమ్మా, నక్క. అన్నం తినేసింది. ఆవకాయ ముక్క మాత్రం వదిలేసింది. కారం ఎక్కువైనట్టుంది."

"కారం కాదే. పిన్ని ముక్క తినదు. ఊట ఒక్కటే కలుపుకునేది. నమలడానికి పళ్ళేవి?"

"అవును, బోసినోరు కదా. ముసలావిడ."

అటునుంచి కాసేపు ఏమీ వినబడలేదు. కుక్కర్ కూత వేసింది.

"ముసలితనానికి పోయినవి కాదు," అంది అమ్మ. "తుని వచ్చిన రోజుకే లేవు. అప్పటికి దానికి ముప్పయ్యైదు కూడా ఉండవు."